జీన్ టెస్ట్ రిపోర్టు చూసి తిండి మార్చినవాళ్లు ఉన్నారా?

శిరీష_నిజామాబాద్:
ఆఫీసుల హెల్త్ క్యాంపు పెట్టి ఉమ్ము తీస్కపోయిన్రు. రిపోర్టుల ఏముందంటే, పాలు పడకపోవచ్చు, కాఫీ తగ్గించాలె, లో కార్బ్ డైటే నాకు మంచిదట. పాల సంగతి కరెక్టే, గ్లాసెడు తాగితే కడుపుబ్బరం. మిగిలినవి నమ్మాల్నా? అన్నం బంద్ అంటే మా అత్తమ్మ ఊకోదు.

గోదారిగట్టు:
పాల మాట నమ్మొచ్చండీ. పెద్దయ్యాక పాలలోని చక్కెరని (లాక్టోజ్) అరిగించే లాక్టేజ్ ఎంజైము తయారవుతుందా లేదా అన్నది డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా మీద చాలావరకు తేలిపోతుంది. 2002లో ఫిన్లాండ్ కుటుంబాల్లో దొరికింది. పాలు అరిగించే రకం ఉత్తరాదిలో ఎక్కువ, మన వైపు తక్కువ. నాకూ పాలు పడవు, గడ్డపెరుగు మాత్రం ఎంతైనా లాగించేస్తాను. తోడు బ్యాక్టీరియా లాక్టోజ్‌ని కొంత ముందే తినేస్తుంది కదా.

డాలస్_బాబాయ్:
లో కార్బ్ దగ్గరే నాకు అనుమానం. స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 609 మందితో ఏడాది పాటు సరిగ్గా ఇదే పరీక్షించారు, 2018లో ఫలితాలొచ్చాయి. తిండిలో కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు, కార్బ్ తగ్గించినవాళ్లు 6. ఎవరికి ఏది పనిచేస్తుందో జన్యువులు చూసి చెప్పలేకపోయారు. మరి క్యాంపువాళ్లు ఏ ధైర్యంతో రాసిచ్చారో!

కవల_నంబర్_2:
నేనూ మా అన్నా ఒకే పోలిక కవలలం. వాడు ఊళ్లో వ్యవసాయం, నేను బెంగళూరులో కుర్చీ ఉద్యోగం. పండక్కి ఇద్దరం చేతికి షుగర్ కొలిచే సెన్సర్ పెట్టుకుని ఒకే ఇడ్లీ, ఒకే చట్నీ తిన్నాం. నా గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది, వాడిది కదిల్తే ఒట్టు. బ్రిటన్‌లో కవలల మీద చేసిన పెద్ద అధ్యయనంలోనూ (2020) అంతేనట, జన్యువులు ఒకటే అయినా తిన్నాక షుగర్ ఒకేలా పెరగలేదు. నిద్ర, పేగుల్లో బ్యాక్టీరియా, తిన్న వేళ, అన్నీ లెక్కలోకొస్తాయి.

సుగుణ_టీచర్:
మా నాన్నగారు బక్కపలచన, అయినా నలభైల్లోనే షుగర్. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, చూడండి. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం మనాయనకి 21.2 శాతం, ఆయనకి 9.1! పుణె పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ పిల్లలు 3.5. మనవాళ్లకి కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. ఇదంతా జన్యువుల పనే అనలేం, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం తిందన్నదీ ఉంది. ఉమ్ము పరీక్షలో అది కనబడదు.

శిరీష_నిజామాబాద్:
అయితే పాలు బంద్, పెరుగు ఉంటది. అన్నం తిని గ్లూకోమీటర్‌తోని చూస్త. తిన్నంక రెండు గంటలంటరు గద, ఎప్పటికెల్లి లెక్క?

సుగుణ_టీచర్:
మొదటి ముద్ద నుంచమ్మా, చేయి కడిగినప్పటి నుంచి కాదు.