కొరివి దెయ్యాలకు మిథేనే కారణమా? పొలంలో తేల్చుకునేదెలా?

పొలిమేర:
డెల్టా పల్లెల్లోని కొరివి దెయ్యం కథలను ఒక చిన్న పుస్తకంగా వేసే పని నడుస్తోంది. కథ కాస్త అటూ ఇటూగా అన్నిచోట్లా ఒకటే. కోతలయ్యాక, చీకటి రాత్రి, చేలల్లో నేలకు బారెడు ఎత్తున ఒక వెలుగు ఊగుతూ పోతుంది. దగ్గరికి వెళ్తే దూరం జరుగుతుంది. ఒక్కోసారి రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతుంది. చప్పుడుండదు. కింద వివరణగా "బురదలోంచి వచ్చే మిథేన్ మండటం" అని ఒక్క వాక్యం రాసి వదిలేయొచ్చా? ఇప్పటికీ వెలుగు కనిపిస్తున్న ఊరుంటే, పెద్ద పరికరాలేవీ లేకుండా అదేమిటో తేల్చే దారి ఉందా?

గవ్వలచెరువు:
వదిలేయకండి. దెయ్యం మాట ఎలా నోటా నోటా వచ్చిందో, ఈ మిథేన్ మాట కూడా పాఠ్యపుస్తకాల్లో అలాగే వచ్చింది. బురదలో మిథేన్ ఉంటుంది, అది నిజం. 1776లో శాస్త్రవేత్త వోల్టా ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున బురద కెలికి పట్టింది ఆ వాయువునే. కానీ అది తనంతట తాను అంటుకోదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసి ఉండాలి, పైగా నిప్పురవ్వో, 500 డిగ్రీలు దాటిన వేడో తగలాలి. అంటుకున్నాక అది మామూలు మంటే, ఎండుగడ్డి మీద తేలుతూ పోతే గడ్డి కాలాలి. మీ కథల్లో గడ్డి కాలినట్టు ఎక్కడైనా ఉందా?

అగ్గిరవ్వ ఎక్కడిదంటే ఫాస్ఫీన్ అనే ఫాస్ఫరస్ వాయువు పేరు చెబుతారు. దానితోపాటు పుట్టే డైఫాస్ఫీన్ గాలి తగలగానే అంటుకుంటుంది, అదీ నిజమే. 1980లో లీస్టర్ విశ్వవిద్యాలయంలో అలన్ మిల్స్ ఫాస్ఫీన్‌ను వంటగ్యాస్ లాంటి వాయువుతో కలిపి చూస్తే పచ్చటి వెలుగు వచ్చింది, కానీ దాంతోపాటు ఘాటైన తెల్లటి పొగ. కుళ్ళిన చేపల కంపు సంగతి సరేసరి. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల నుంచి వచ్చేదీ ఇదే వాయువు. కొరివి దెయ్యాన్ని చూసినవాళ్ళు పొగ గురించీ కంపు గురించీ ఒక్క మాటా అనకపోతే ఫాస్ఫీన్‌ను పక్కన పెట్టొచ్చు.

2025లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ బృందం, నీటిలో లేచే సన్నటి మిథేన్ బుడగల మధ్య చిన్న మెరుపులు పుడతాయని చూపింది. రవ్వ ఎక్కడిదన్న ప్రశ్నకు అది కొంత జవాబు. అయినా ప్రయోగశాలలో చూపిన మినుకు వేరు, కిలోమీటరు దూరం నుంచి కనిపించే వెలుగు వేరు.

మీ చెరువులో వాయువు ఉందో లేదో మాత్రం పగలే చూడొచ్చు. అర లీటరు ప్లాస్టిక్ సీసా నిండా నీళ్ళు నింపి, మూతికి గరాటా పెట్టి, నీటిలో బోర్లించి, కింద బురదను కర్రతో కెలకాలి. బుడగలు సీసాలోకి ఎక్కి నీళ్ళను తోసేస్తాయి. నీటిలోనే మూత బిగించి, ఒడ్డుకు తెచ్చి, మూత తీసిన వెంటనే పొడుగుపాటి పుల్లతో అంటించాలి. నీడలో చూస్తేనే నీలి మంట తెలుస్తుంది. అంటుకోకపోతే మండని వాయువులు ఎక్కువై ఉండొచ్చు.  సీసాలో గాలి చొరబడితే మంట బదులు 'ఢప్' మంటుంది. అందుకే గాజు సీసా వద్దు, ముఖం దూరంగా ఉంచండి. ఇంకో సంగతి, చలికి బురదలో మిథేన్ పుట్టడం మందగిస్తుంది. మీ కథలన్నీ చలికాలానివే అయితే అదీ ఆలోచించాల్సిందే.

దిక్సూచి:
ఇవాళ కనిపించే వెలుగుల్లో ముందు అనుమానించాల్సింది వాహనాల లైట్లను. మైదానంలో నిలబడ్డ మనిషికి, కళ్ళు 1.5 మీటర్ల ఎత్తున ఉంటే, నేల అంచు 4.4 కిలోమీటర్ల దగ్గరే. 70 సెంటీమీటర్ల ఎత్తున్న హెడ్‌లైటు లెక్క ప్రకారం 7.4 కిలోమీటర్లు దాటితే కనిపించకూడదు. కానీ గాలి లేని చలిరాత్రి నేల చల్లబడి, చల్లగాలి కింద, వెచ్చగాలి పైన పొరలు కడుతుంది. ఆ పొరల్లో వెలుగు కిందికి వంగి, అంచు అవతలి లైటు తేలి కనిపిస్తుంది. అంత దూరం నుంచి ఇంజను చప్పుడు రాదు. ఆస్ట్రేలియాలో ఇలాగే వెంటాడుతుందని చెప్పుకునే మిన్‌మిన్ వెలుగు ఇదేనని శాస్త్రవేత్త జాక్ పెటిగ్రూ 2003లో కారు లైట్లతోనే చూపాడు.

చీలి ఒకటవడం గురించి. మన కన్ను విడదీయగలిగేది డిగ్రీలో అరవయ్యో వంతు. 1.3 మీటర్ల ఎడమున్న రెండు హెడ్‌లైట్లు 4.5 కిలోమీటర్లు దాటితే ఒకే చుక్క. బండి దగ్గరవుతుంటే ఒకటి రెండవుతుంది, వెనక్కి తిరిగితే మాయం. అందుకే పక్కపక్కన చీలిందా, ఒకదాని మీద ఒకటా అని తప్పక అడగండి. పక్కపక్కన అయితే బండి, మీదా కిందా అయితే పైన చెప్పిన గాలిపొరల పని, ఒకరకం ఎండమావి.

తేల్చే పద్ధతి: 500 మీటర్ల ఎడంలో ఇద్దరు నిలబడాలి. ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకే క్షణంలో, వెలుగుతో ఒకే గీతలో ఉండేలా, 2 మీటర్ల దూరంలో రెండేసి వెదురు పుల్లలు గుచ్చాలి. ఫోను దిక్సూచిని నమ్మొద్దు, అయిదు డిగ్రీలు తప్పడం దానికి మామూలే. పుల్లల్లో ఒక సెంటీమీటరు తేడా వస్తే 5 కిలోమీటర్ల దగ్గర 25 మీటర్లు పక్కకు పోతుంది, అంతే. దూరంలో మాత్రం మూడు నాలుగొందల మీటర్ల తేడా రావచ్చు. పొద్దున్న పుల్లల వెంట చూసి, ఇస్రో వాళ్ళ భువన్ మ్యాపులో గీతలు గీయండి. గీతలు కలవకుండా సమాంతరంగా పోతుంటే వెలుగు చాలా దూరమని అర్థం, ఎడం కిలోమీటరుకు పెంచాలి. గీతలు ఏదైనా రోడ్డు మీద కలిస్తే, ఒకరిని బండి మీద అక్కడికి పంపి, చెప్పిన సమయానికి లైటు మూడుసార్లు ఆర్పి వెలిగించమనండి.

వెలుగు వెంట మాత్రం రాత్రిపూట నడవొద్దు. ఒర లేని బావులు ఒకెత్తు, అడవిపందులకు పెట్టిన కరెంటు తీగలు ఒకెత్తు.

నిశిరాత్రి:
పైవాళ్ళు కంటిని మరిచారు. చీకట్లో ఒంటరి చుక్కను కదలకుండా చూస్తే అది కదిలినట్టే ఉంటుంది, చుట్టూ పోల్చుకోవడానికి ఏమీ ఉండదు గనక. కరెంటు స్తంభం అంచునో, చెట్టు మొదలునో ఆనించి చూడండి, సగం దెయ్యాలు అక్కడే ఆగిపోతాయి. ఫోనులో జూమ్ చేస్తే ఫోకస్ తప్పి చుక్క గుండ్రటి బంతిలా ఉబ్బుతుంది. 'గోళం' వీడియోలు చాలావరకు అవే. ప్రో మోడ్‌లో ఫోకస్‌ను అనంతానికి పెట్టి, ఫోనును దేనికైనా ఆనించి తీయండి. స్కూలు ల్యాబుల్లో దొరికే గ్రేటింగ్ ఫిల్మును లెన్సు ముందు పెడితే రంగులు విడిపోతాయి. మంటకు ఎరుపు పక్క బరువైన తెగని పట్టీ, ఎల్‌ఈడీకి నీలం విడిగా ఒక ముద్ద, సోడియం దీపానికి దాదాపు పసుపు గీతే.

పొలిమేర:
చాలా ఉపయోగం. కానీ ఈ కథలు బండ్లకూ కరెంటుకూ ముందటివి. తమిళంలో కొళ్ళివాయ్ పేయ్, కన్నడంలో కొళ్ళి దెవ్వ, బెంగాల్‌లో ఆలేయా. అప్పుడు హెడ్‌లైటు ఎక్కడిది?

కాగడా:
హెడ్‌లైటు లేదు గానీ ఎడ్లబండి ఉంది. బండి ఇరుసు కింద లాంతరు వేలాడదీసి కట్టేవారు, నేలకు దగ్గరగానే. నడకకు ఊగుతుంది. పక్కనుంచి చూస్తే చక్రం ఆకులు ఒక్కొక్కటిగా అడ్డొచ్చి వెలుగు మినుకుతుంది. ఇక 'కొరివి' అన్న పేరే అసలు సంగతి చెబుతోంది. రాత్రి దారికి మండే కట్టెనో తాటాకు దివిటీనో పట్టుకెళ్ళేవాళ్ళు ఆరిపోకుండా దాన్ని విసురుతూ నడిచేవారు. విసిరితే భగ్గుమంటుంది, ఆపితే మసకబారుతుంది. వల్లకాట్లో కట్టెల చితి నిప్పులు తెల్లారేదాకా ఉంటాయి, గాలి తిరిగినప్పుడల్లా మళ్ళీ రాజుకుంటాయి. మనుస్మృతిలో ఉల్కాముఖ ప్రేతం ఉంది గనక నోట్లో నిప్పున్న దెయ్యం ఊహ కూడా కొత్తది కాదు.

కథ చెప్పే పెద్దల్ని "దెయ్యం ఎలా ఉంది" అని అడక్కండి. ఏ గట్టు మీద నిలబడి, ఏ చెట్టు పక్కగా చూశారు, ఆ దిక్కున అప్పట్లో బండ్లబాట ఉండేదా, వల్లకాడు ఉండేదా, రాత్రి నీటి వంతు ఎవరిది అని అడగండి. పాత గ్రామపటంలో బండ్లబాటలు గీసి ఉంటాయి. వాటి మీద ఈ దిక్కులు గీసి చూడండి.