పెళ్లి ఊరేగింపులో వినిపించే ‘లంబాడా’ పాటకు పోర్చుగీసు శ్రోతలు ఏ అర్థం చెప్పుకుంటారు?

ప్రశ్న (విజయనగరం):
మా వైపు పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వారు ‘లంబాడా’ వరస అందుకుంటే పెద్దవాళ్లు కూడా అడుగు కదుపుతారు. 1989లో కవోమా బృందం పాడిన ఆ పాట నిండా ఏడుపేనని ఈమధ్య చదివాను. పోర్చుగీసు మాతృభాషగా గలవారు మాటలు తెలిసి కూడా దానికి ఎలా ఆడగలుగుతున్నారో ఎవరైనా వివరించగలరా?

జవాబు (శ్రీకాకుళం):
ఏడుపు ఉన్నమాట నిజమే గాని, ఏడుస్తున్నది ఎవరన్నది చూడాలండీ. ఒకనాడు తనను ఏడిపించినవాడే ఇప్పుడు ఏడుస్తూ వెళ్లిపోయాడని, నిలబెట్టుకోలేకపోయిన ఆ ప్రేమ జ్ఞాపకం ఎక్కడికి పోయినా అతన్ని వదలదని పాటలోని అమ్మాయి పాడుతుంది. అక్కడితో ఆగక, ఆటనూ ఎండనూ సముద్రాన్నీ చూపులో దాచుకుంటానని, ఒక్క క్షణమే అయినా రాజ్యమేలిన ఆ ప్రేమను తలుచుకుంటూ ఆడుతూనే ఉంటానని చెబుతుంది. అంటే ఆట ఆ కథలోనే ఉంది. (పేరు విని మన లంబాడీల నృత్యమనుకునేవారు ఉన్నారు, ఇది బ్రెజిల్ ఉత్తరాన ఉన్న పారా రాష్ట్రపు నృత్యం.)

జవాబు (బొబ్బిలి):
పై జవాబు బాగుంది గాని, దుఃఖాన్ని అంత తేలికగా పక్కన పెట్టలేమని నా అభిప్రాయం. ఈ బాణీ మొదట బొలీవియాకు చెందిన లోస్ క్యార్కాస్ బృందం 1981లో స్పానిష్ భాషలో పాడిన విరహగీతానిది; అనుమతి లేకుండా వాడుకున్నందుకు కవోమా మీద వ్యాజ్యం కూడా నడిచింది. 1986లోనే బ్రెజిల్ గాయని మార్సియా ఫెరేరా దాన్ని పోర్చుగీసులో పాడారు. సాంబా అనే బ్రెజిల్ నృత్యగీతాన్ని అందంగా కట్టాలంటే కాస్త విషాదం కావాలని అక్కడి కవి వినీసియస్ జి మొరాయిస్ తన సాంబాలోనే రాశారు. ఆ సంప్రదాయంలో పెరిగిన బ్రెజిల్ శ్రోతకు ఏడుపు ఆటకు అడ్డం కాదు. బ్యాండులో మాటలు ఉండవు గనుక మనకు దక్కుతున్నది ఆట ఒక్కటే.

జవాబు (రాజాం):
ఊరేగింపులో వాయిస్తే నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే ఏడిపించినవాడు ఏడుస్తూ పోయాడన్న పాటను పెళ్లికొడుకు కారు ముందే వాయిస్తున్నామన్న సంగతి ఆడపెళ్లివారికి తెలియకుండా ఉంటే మంచిది.