నాలుగు చోట్ల కోసి ఊరి సగటు దిగుబడి తేల్చొచ్చా?

జమ్మలమడుగు రైతు: ఫసల్ బీమాలో ఊరు యూనిట్ అయితే ప్రధాన పంటకు నాలుగు కోత ప్రయోగాలు చాలంట. అయిదు మీటర్ల చదరం కొలిచి, పీకి, నూర్చి, తూకమేసి అదే ఊరి సగటు అంటారు. మా ఊళ్లో పప్పుశనగకు ఒక ప్లాటు బోరు కింద చేలో పడింది. మాది ఒట్టి నల్లరేగడి, మంచు పదునుతో పండేది. నాకు పైసా రాలేదు.

కడప స్టాట్స్ లెక్చరర్: ప్లాటు ర్యాండమ్ నంబర్లతో ఎంపికైతే బోరు చేలో పడటం మోసం కాదు. అసలు చిక్కు నాలుగే కావడం. తూకాలు 1, 2, 3, 4 కిలోలు అనుకుందాం. సగటు 2.5. శాంపిల్ చిన్నది కాబట్టి సగటుకు అటూ ఇటూ హద్దులు వేసే గుణకంగా మామూలు 1.96 కాదు, 3.18 వాడాలి (గణాంక శాస్త్రవేత్త గాసెట్ 1908లో చూపిన దారి ఇది). 95 శాతం అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు సగటు ఉండొచ్చని వేసే హద్దులు) 0.45 నుంచి 4.55 వస్తుంది.

ప్రొద్దుటూరు వాసి: అరకిలో నుంచి నాలుగున్నర కిలోలా? ఇదేం లెక్కన్నా!

జమ్మలమడుగు రైతు: నా చేలో ప్లాటుకు సగటున పడింది 0.3 కిలోలే సార్. మీ అంతరంలోనే లేదే?

కడప స్టాట్స్ లెక్చరర్: అది ఊరి సగటుకు వేసిన అంతరం, ఒక్కో చేనుకు కాదు. ఇంకోటి, 95 శాతం ఈ ఒక్క అంతరానికి చెందిన మాట కాదు. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిల్ తీస్తే నూటికి 95 అంతరాల్లో అసలు సగటు ఉంటుందని అర్థం.

జమ్మలమడుగు రైతు: ఆ 95 పక్కన పెట్టండి సార్! విత్తనం అప్పు తెచ్చి వేసినోడికి పాఠం చెప్తారా?

ఆదోని అగ్రి విద్యార్థి: తూకాల్లో తేడా ఇంతే ఉండి 16 ప్లాట్లు కోస్తే 1.8 నుంచి 3.2కి తగ్గుతుంది. కానీ కోతలన్నీ ఒకేసారి వస్తాయి, సిబ్బంది చాలరు.

జమ్మలమడుగు రైతు: నేనడిగేది అది కాదు. హామీ దిగుబడి (సగటు దీనికన్నా తగ్గితేనే పరిహారం) ప్లాటుకు 2.4 అనుకోండి. సగటు 2.5 కాబట్టి పంట బాగుందని మూసేస్తారు. అసలు సగటు ఒకటిన్నరే అయ్యుండొచ్చని మీ లెక్కే చెప్తోంది కదా. ఆ అనుమానపు భారం కంపెనీ మీద ఎందుకు పడదు, మా మీదే ఎందుకు?

కడప స్టాట్స్ లెక్చరర్: మూడున్నర కూడా అయ్యుండొచ్చు. కింది అంచు చూసి పరిహారమిస్తే మంచి ఏడాది కూడా చెల్లించాలి, ప్రీమియం పెరుగుతుంది. ప్లాట్లు పెంచమని అడగడమే న్యాయం.

జమ్మలమడుగు రైతు: పెంచమనండి, నేనూ సంతకం పెడతా. పెంచేదాకా వచ్చే నష్టం మాత్రం సగం వాళ్లూ మోయాలి. ఈ మాట మీదనుంచి నేను కదలను.