లాక్‌డౌన్‌లో పడిన డబ్బు పట్టాదారుదా, దున్నేవాడిదా? (జూన్ 2020)

మిరపచేను: వానాకాలం రైతుబంధు (తెలంగాణ సర్కారు పెట్టుబడి సాయం) పడింది, ఎకరాకు 5,000. నేను కౌలుకు చేసే ఆరెకరాలకు 30,000. పడింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఓనరు ఖాతాలో. మార్చిలో మిర్చి యార్డు మూసేస్తే బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టింది మాత్రం నేను. నష్టం ఎవరిది, సాయం ఎవరికి?

లెక్కలమాస్టారు: చిన్న సవరణ. రైతుబంధు కరోనా సాయం కాదు. 2018 మే నుంచి ఉన్న పథకం.

మిరపచేను: పేరేదైతేనేం మాస్టారూ, కరోనా టైములో పడ్డ పైసలేగా.

లెక్కలమాస్టారు: పేరుతోనే ఉంది అంతా. మార్చి 26న నిర్మలా సీతారామన్ ప్రకటించిన 2,000 కూడా కొత్తది కాదు. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000లో ఒక విడతని ఏప్రిల్ మొదట్లోనే వేశారు, అంతే.

నల్లరేగడి: నేను పట్టాదారుని. భూమి మీద తగాదా, బ్యాంకు అప్పు అన్నీ మావే. ఇచ్చేవాళ్లు పాస్‌బుక్కు చూసి ఇస్తారు. మా తప్పేంటి?

కోళ్లషెడ్డు: మీరు ఎకరాల కోసం కొట్టుకోండి. ఎకరాలు లేనివాడి సంగతి? కోడి తింటే కరోనా వస్తుందని ఎవడో వాట్సాప్‌లో పెడితే, ఫిబ్రవరి ఆఖర్లో మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సొచ్చింది. నాకు కోడిపిల్లల్ని ఇచ్చి పెంచమనే కంపెనీ రెండు బ్యాచ్‌లు వెయ్యలేదు. 5,000 కోళ్ల షెడ్డు ఖాళీ. నాకు పడింది సున్నా.

భాగ్యనగరి: ఇప్పుడు చికెన్ రేటు చూశారా? మీకేం బాధండీ.

కోళ్లషెడ్డు: ఆ రేటు కంపెనీకి బాబూ. నాకొచ్చేది కిలోకింత అని పెంపకం కూలి. మేలో కేంద్రం పశుసంవర్ధకానికి 15,000 కోట్ల నిధి అంది. చూస్తే వడ్డీ రాయితీతో అప్పు! అప్పు సాయమెలా అవుతుంది?

మిరపచేను: ఆంధ్రాలో కౌలుదారుకీ రైతు భరోసా ఇస్తున్నారు కదా.

నల్లరేగడి: అందరికీ కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే. అదీ భూయజమాని సంతకం పెట్టిన కార్డుంటేనే.

మిరపచేను: ఆ సంతకమే మీరు పెట్టరు! 2011 కౌలుదారుల చట్టం కింద బ్యాంకు అప్పు కోసం రుణ అర్హత కార్డుకి దరఖాస్తు పెట్టుకుంటానంటే మా ఓనరు ఒకటే మాటన్నాడు, "వచ్చే ఏడు వేరేవాళ్లకిస్తా." వడ్లు అమ్మినా పైసలు ఆయన ఖాతాలోకే. నేను చస్తే ఐదు లక్షల రైతుబీమా కూడా రాదు. మీరంతా ఒకటే.

నల్లరేగడి: మర్యాదగా మాట్లాడు. మీ ఓనరు చేసిందానికి నన్నంటావేం?

భాగ్యనగరి: అడ్మిన్ ఎక్కడ?

నల్లరేగడి: సరే, ఉన్నమాట చెప్తా. గొడవ 5,000 గురించి కాదు. నీ పేరు ఒక్కసారి కాగితమెక్కితే రేపు భూమి నీదంటావు. మా తాత నాలుగెకరాలు రక్షిత కౌలుదారు పేరుతో, పాత కౌలు చట్టం 38-ఇ సెక్షన్ కింద, దున్నేవాడికే పోయాయి. ఇంట్లో ఇప్పటికీ ఆ మాటొస్తే అన్నం సయించదు. డబ్బు కావాలంటే తీసుకో, పేరు మాత్రం అడగొద్దు.

మిరపచేను: నాకు భూమొద్దు సారూ. బ్యాంకువాడు నన్ను రైతు అంటే చాలు. అయినా డబ్బు తీసుకోమంటున్నారు, మీ కౌలుదారుకి ఇచ్చారా?

నల్లరేగడి: ఇచ్చా. రైతుబంధులో సగం కౌలులో తగ్గించా.

లెక్కలమాస్టారు: అంటే ఎకరాకు 2,500. కౌలెంత?

నల్లరేగడి: పోయినేడు 15,000. ఈ ఏడు 18,000.

లెక్కలమాస్టారు: 18,000లో 2,500 తీస్తే 15,500. పోయినేటికంటే 500 ఎక్కువే.

నల్లరేగడి: డీజిలు రోజూ పెరుగుతోంది, తెలీదా?

మిరపచేను: ట్రాక్టరు కిరాయి కట్టేది నేనండీ.

కొత్తపల్లకి: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నకి ఏప్రిల్ 2,000 ఇంకా పడలేదు. ఆధార్‌లో పేరు తప్పుందట. ఎక్కడ సరిచేయించాలి?