సర్జికల్ షాపు పనిముట్లు సోల్డరింగ్ బల్ల మీద: ఎవరేం వాడుతున్నారు?

వేణు_బోర్డు
పాత రేడియోలు, ఛార్జర్ బోర్డులు బాగుచేస్తుంటా. ఆర్టరీ ఫోర్సెప్స్ (ఆపరేషన్లో రక్తనాళాన్ని పట్టి ఉంచే, లాక్ పడే పట్టకారు) కొందామని వెళ్తే షాపాయన "వంకరదా, తిన్ననిదా, ఏ సైజు?" అన్నాడు. తెల్లమొహం వేశా. ఏది తీసుకోవాలి?

రేడియో_మామయ్య
5 అంగుళాల మస్కిటో (సన్న మూతి ఉన్న చిన్న రకం), తిన్ననిది. ముందు అదొక్కటి చాలు. దాని విలువ రేడియోలో స్టేషన్ ముల్లుని జరిపే డయల్ దారం ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. దారం కొస పట్టించి లాక్ నొక్కి వదిలేస్తే రెండు చేతులూ ఖాళీ, పుల్లీల మీదుగా నింపాదిగా తిప్పుకోవచ్చు. ఓఏ79 లాంటి జర్మేనియం డయోడ్ అతికేటప్పుడు దాని తీగ కాలి మీద, డయోడ్‌కీ అతుకుకీ మధ్యన కరిపించు. వేడి లోపలికి పోకుండా అదే లాగేస్తుంది. అతుక్కి మరీ దగ్గర పెట్టావో, సోల్డర్ సరిగా పారక డ్రై సోల్డర్ (సరిగా పట్టని అతుకు) ఖాయం.

లక్ష్మి_సర్క్యూట్
మామయ్యగారూ, ఆ పళ్లు ప్లాస్టిక్ కనెక్టర్ల మీద గాట్లు పెడతాయి. నేను రెండు దవడలకీ వేడి చేస్తే బిగిసే సన్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగిన జత విడిగా ఉంచుకున్నా. ఇరుక్కున్న పిన్ లాగాలంటే నీడిల్ హోల్డర్ (కుట్లు వేసే సూదిని పట్టేది): మూతి పొట్టి, పట్టు గట్టి. ఆర్టరీతో నట్లు తిప్పితే జాయింట్ వదులై కొసలు కలవవు.

కోఠి_కుర్రాడు
మరి బ్లేడ్లు అక్కా? మామూలు కట్టర్‌తో బోర్డు మీది ట్రాక్ (రాగి గీత) కోస్తే పక్క ట్రాక్ కూడా పోతోంది.

లక్ష్మి_సర్క్యూట్
సర్జికల్ బ్లేడ్లు తగిలించే 3 నంబర్ హ్యాండిల్ కొను తమ్ముడూ. 10, 11, 15 బ్లేడ్లు మూడూ దానికే పడతాయి. కోయడానికి 11, పచ్చ పూత గీకి రాగి తేల్చడానికి 15. పక్కకి మెలిపెట్టావంటే పుటుక్కున విరిగి ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకో.

రేడియో_మామయ్య
బ్లేడ్ తీసేటప్పుడు వేళ్లు పెట్టకు. వెనక కొసని ఫోర్సెప్స్‌తో పట్టి, కాస్త పైకెత్తి, ముందుకు జార్చు.

వేణు_బోర్డు
ఆస్పత్రిలో తీసేసినవి తక్కువకి వస్తున్నాయి. తీసుకోవచ్చా?

థియేటర్_సిస్టర్
వాడిన బ్లేడ్ అయితే ముట్టుకోనే వద్దండీ. ఫోర్సెప్స్ అయినా ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిమిశుద్ధి) చేశారని గట్టిగా తెలిస్తేనే. నన్నడిగితే కొత్తదే కొనండి.

వేణు_బోర్డు
సరే, కొత్తదే. రేపు ఛార్జర్ బోర్డుతో మొదలుపెడతా.

లక్ష్మి_సర్క్యూట్
ఆగండి వేణుగారూ! ఫోర్సెప్స్ నిలువెల్లా స్టీలే, పిడికి తొడుగుండదు. ప్లగ్ పీకేసినా ప్రైమరీ వైపు (ఇంటి కరెంటు లోపలికొచ్చే వైపు) పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాకే లోపల పెట్టండి.