చిల్డ్రన్స్ సెంటర్ నర్సరీలో టీచర్‌గా చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంగ్లాండ్‌లో ఉంటున్నాను, క్యూటీఎస్ (ఇక్కడ స్కూల్ టీచర్‌గా గుర్తింపునిచ్చే అర్హత) ఉంది. ఒక చిల్డ్రన్స్ సెంటర్ (చిన్నపిల్లలకీ వాళ్ల కుటుంబాలకీ సేవలందించే కేంద్రం) నర్సరీలో మూడు, నాలుగేళ్ల పిల్లల గదికి రమ్మంటున్నారు. క్వాలిఫైడ్ టీచర్ ఉంటే ఒక్కరికి 13 మంది పిల్లలదాకా ఇవ్వొచ్చు, లేకపోతే 8 మందే, అందుకే నేను కావాలంటున్నారేమో. కానీ కాంట్రాక్టులో స్కూల్ టీచర్ల జీతం స్కేలు మాటే లేదు, వేసవి సెలవుల్లేవు, ప్లానింగ్‌కి విడిగా టైమ్ ఇస్తారో లేదో ఒక్క ముక్క రాయలేదు. పైగా నా ఇండక్షన్ (కొత్త టీచర్లు పూర్తిచేయాల్సిన తొలి దశ) ఇంకా మొదలవలేదు, అది అక్కడ లెక్కకొస్తుందా? చూడ్డానికి వెళ్లినరోజు ఇసుకతొట్టి దగ్గర ఒక బాబు గరిటెతో బకెట్ నింపుతూ నాలుగు దగ్గర ఆగి నావైపు చూశాడు, నేను ఐదు అనగానే మళ్లీ మొదలెట్టాడు. ఆ పని నాకు నిజంగా ఇష్టం. సంతకం పెట్టేముందు ఏమేం రాతపూర్వకంగా అడగాలి, యూనియన్‌తో ముందే మాట్లాడాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.