అప్‌డేట్: పాప మోచేతుల మీది పసుపు గడ్డలు కొలెస్టరాల్‌వి కావా?

పదకొండేళ్ల పాపకు మోచేతుల మీద గడ్డలు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) బాగా ఎక్కువ, అమ్మానాన్నలకు మాత్రం మామూలే, ఎందుకని అడిగాను కదా. జీన్ టెస్టులో ఏబీసీజీ8 అనే జీన్‌లో లోపం తేలింది. అంటే సిటోస్టెరోలీమియా అనే జబ్బు. నూనెలు, గింజల్లో ఉండే మొక్కల స్టెరాల్‌ని (కొలెస్టరాల్ లాంటి పదార్థం) పేగు, కాలేయం బయటికి నెట్టలేకపోతున్నాయి. మామూలు లిపిడ్ టెస్టు దాన్నీ కొలెస్టరాల్ కిందే లెక్కేస్తుంది! విడిగా చూడాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ లాంటి ప్రత్యేక ల్యాబ్ టెస్టు చేయాల్సిందే. ప్లేట్‌లెట్లు తక్కువగా, సైజు పెద్దగా కనిపిస్తే ఈ జబ్బును తప్పక అనుమానించాలి.

కొలెస్టరాల్‌కి మామూలుగా ఇచ్చే స్టాటిన్ మందు దీనికి పెద్దగా పనిచేయదు. డాక్టర్ పేగులో స్టెరాల్ పీల్చుకోవడాన్ని తగ్గించే ఎజెటిమైబ్ రోజుకు 10 మి.గ్రా. రాశారు. పల్లీలు, నువ్వులు, బాదం బంద్. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, అన్నంలోకి నువ్వుల పొడి కూడా. తాలింపు నూనె చెంచాతో కొలిచే వేయాలి. గుండెకు మంచిదని స్టెరాల్ కలిపి అమ్మేవి ఈ పాపకు విషమే. అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపమున్న జీన్ వస్తేనే ఈ జబ్బు వస్తుంది, ఒక్కటే ఉన్న అమ్మానాన్నలకు అందుకే మామూలు. తమ్ముడికీ వచ్చే అవకాశం 25 శాతం, వాడి శాంపిల్ కూడా పంపుతున్నాం.